ఇంట్లో ఎక్కువ వినబడే మాట

"బెండకాయ. అమ్మ బెండకాయ కోస్తున్నది. చూడు బిడ్డా, బెండకాయ!"

కత్తిపీట ముందు కూర్చుని నవత ఒక్కో కాయనూ తన నోటి దగ్గర పట్టుకుని చూపిస్తోంది. ఎదురుగా నాలుగేళ్ల కూతురు హర్షిణి కళ్లప్పగించి చూస్తోందే తప్ప పెదవి విప్పదు. పరీక్ష చేసి చెవులు బాగానే ఉన్నాయన్నారు. మాటే రాలేదు. చేసే ప్రతి పనీ పైకి చెబుతుండాలనీ, వస్తువు చూపించి, పేరు చెప్పి, ఓపిగ్గా ఆగాలనీ కరీంనగర్‌లో స్పీచ్ థెరపీ చేసే ప్రజ్ఞ మేడం చెప్పింది. వారానికోసారి మంచిర్యాల నుంచి పిల్లను ఒళ్లో వేసుకుని బస్సులో పోవాలి. అక్కడ సబ్బు బుడగలు ఊదిస్తారు, పెదవికి తేనె రాసి నాలుకతో అందుకోమంటారు. మిగతా రోజులన్నీ ఇంట్లో ఆ మేడం పనీ నవతదే. అంట్లు తోముతూ, బట్టలు పిండుతూ మాట్లాడీ మాట్లాడీ గొంతు బొంగురుపోయింది. "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా" అంటాడు భర్త రాంచందర్.

"పొద్దంత ఏం లొడలొడనే నీది! జరసేపు నోరు మూయరాదు?" ముందుగదిలోంచి అత్త భూమవ్వ అరిచింది.

పెళ్లిచూపులప్పుడు 'నోట్లె నాలికె లేని పిల్ల, మనింటికి సరిపోతది' అని మురిసిపోయింది ఈ భూమవ్వే. ఇప్పుడు చుట్టాలొస్తే చాలు, 'మా దిక్కోళ్లందరు మాటకారులే. గీ పిల్లకు తల్లి మూగతనమే అచ్చింది' అంటుంది. ఔరా, మాట్లాడితే లొడలొడ, మాట్లాడకపోతే మూగతనం! ఏడుద్దామన్నా నవతకు ఓపిక లేదు. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర ముంచుకొస్తోంది. ఒక్కటే ఆశ, బిడ్డ నోట 'అమ్మ' అని వినాలి.

"మనం నేర్పిందే ముందుగాల పట్టుకుంటరని లేదమ్మా, ఇంట్ల ఎక్కువ వినపడేది పట్టుకుంటరు" అంది మొన్న ప్రజ్ఞ మేడం. "ఏ మాటొచ్చినా వెంటనే పలుకు. పలకకపోతే మళ్ల నోరు మూసుకుంటరు."

మధ్యాహ్నం రాంచందర్ సిమెంటు దుకాణం నుంచి అన్నానికి వచ్చాడు. నవత పొయ్యి దగ్గర చారు దించుతోంది.

"ఏయ్!"

సన్నటి గొంతు. నవత గిరుక్కున తిరిగింది. హర్షిణి అప్పడాల డబ్బావైపు చెయ్యి చాపి, తల్లినే చూస్తూ మళ్లీ పిలిచింది. "ఏయ్!"

"అగో, నా బిడ్డ మాట్లాడింది! అచ్చం నా తీరుగనే పిలిచింది సూడే అవ్వా!" రాంచందర్ పగలబడి నవ్వాడు. భూమవ్వ పరుగున వచ్చి మనవరాలికి మెటికలు విరిచింది.

నవత మనసు ఎగిరి గంతేసింది, ఆ వెంటనే చివుక్కుమంది. పెళ్లైనప్పటి నుంచీ రాంచందర్ తనను పేరు పెట్టి పిలిచింది లేదు. తువ్వాలకు ఏయ్, చెప్పులకు ఏయ్, ఫోనులోనూ ఏయ్. పిల్ల తప్పేముంది? ఇంట్లో అమ్మను ఏమంటారో అదే నేర్చుకుంది. పలకకపోతే ఆ ఒక్క మాటా పోతుంది. నవత మోకాళ్ల మీద కూలబడి బిడ్డ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆఁ బిడ్డా! అమ్మను పిలిచినవా? అమ్మ. అప్పడం. ఇగో, అప్పడం." చేతికిచ్చి ముద్దు పెట్టుకుంటుంటే కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏయ్, గింత చారు పొయ్యి" అన్నాడు రాంచందర్ నవ్వాపుకుంటూ.

నవత కదల్లేదు.

"ఏయ్, నిన్నే! అది పిలిస్తే ఉరికినవ్, నేను పిలిస్తే వినపడ్తలేదా?"

నవత నెమ్మదిగా తలెత్తింది.

"బిడ్డకింకా మాటలు రాలే, గందుకే పలికిన. మీకేమైంది?"