ఓటేసే చెయ్యి

దాచుకునేదేముంది, రాములమ్మను సూస్తే నాకు కడుపుమంట. అది నా మరిది పెండ్లాం, నాకంటే ఎనిమిదేండ్లు చిన్నది. ఉప్పల్ల ఒకటే ఇంట్ల రెండు పొయ్యిలు మావి. నాచారంల కంచు పోతపోసే కార్ఖానల ఇద్దరం పోతకు ఇసుకల అచ్చులద్దే పనే జేస్తం.

ఆ ఏడు పెద్ద పని వచ్చింది. పట్నంల నిజాం కాలం నాటి తోటల ప్రజాస్వామ్యం పేరు మీద కంచు బొమ్మ నిలబెడుతరట. డబ్బాల ఓటు చీటీ ఏస్తున్న ఆడమనిషి. శిల్పి ఉమామహేశ్వర్ సారు మొకం సొంతంగ ఊహించి చేసిండు గానీ, చెయ్యి మాత్రం కష్టం జేసే మనిషి నిజం చెయ్యే కావాలన్నడు. మా ఇద్దరి చేతులు తిప్పి తిప్పి సూసి, "ఈమెది" అని రాములమ్మది పట్టుకున్నడు.

నాకు ఒళ్లు మండింది. ఓట్ల రోజు పొద్దుగాల లేచి తానం జేసి లైన్ల ముందల నిలబడేది నేను. అదేమో "నా ఒక్క ఓటుతోని ఏమైతది అక్కా" అని ముసుగుదన్ని పంటది. తోటల ఓటేసేది మాత్రం దాని చెయ్యా! ఏం న్యాయమిది?

అచ్చు తీసేదాక వారం దినాలు కొబ్బరినూనె రాసుకుంట తిరిగింది. "చెయ్యి పాడుగావద్దన్నడక్కా సారు" అని దాని బోళ్లు గూడ నాతోనే తోమిపిచ్చింది. పండ్లు కొరుక్కుంట తోమిన.

సారు ప్లాస్టర్ చెయ్యి తయారు జేసినంక, అది చెల్లె కాన్పుకని జనగామ పోయింది. ఆ ప్లాస్టర్ చెయ్యిని ఇసుకల అద్దే పని నాకు వచ్చింది. అద్దే ముందు దానికి మెత్తటి పొడి పుయ్యాలె. పుయ్యకుంటే ఇసుక పట్టుకుంటది, లాగితే విరుగుతది. పదిహేనేండ్ల సంది పూస్తున్న, నాకు ఎరుకలేదా? పొడి డబ్బా చేతిలనే ఉంది. మూత తియ్యలే.

మేస్త్రి భూషణం పైకి లాగంగనే నాలుగు వేళ్లు పుటుక్కుమన్నయి. సారు నెత్తి పట్టుకున్నడు. పోత రేపే, రాములమ్మను పిలిపిచ్చే టైం లేదు.

"సారలమ్మా, జర నీ చెయ్యి ఇయ్యమ్మా" అన్నడు.

ఇచ్చిన. తడి ప్లాస్టర్ గడ్డకట్టుకుంట వెచ్చగ అయితుంటే నాకు నవ్వు ఆగలే. వచ్చింది గదనే నా వంతు, అనుకున్న.

పొద్దుమీకి భూషణం పక్కకు పిలిచిండు. "అక్కా, ఈ ముచ్చట రాములమ్మకు గూడ చెప్పకు. పొడి ఎందుకు పుయ్యలేదని సేటు అడిగిండంటే నీది నాది ఇద్దరి పని ఊడుతది." నోరు మూసుకున్న.

నెల దినాలకు ఆవిష్కరణ. కార్ఖానోళ్లందరిని లారీల తోలుకపోయిన్రు. రాములమ్మ పట్టుచీర గట్టింది. తల్లిని, చెల్లెను, పసిపిల్లను గూడ ఎంటబెట్టుకొచ్చింది. పెద్దోళ్ల కార్లు పోంగనే బొమ్మ కాడికి ఉరికింది. చెయ్యి తడిమి తడిమి సూసింది.

"నా వేళ్లు గింత లావున్నయా అక్కా? కంచు పోస్తే ఉబ్బుతయేమో!"

దాని తల్లి ఆ చేతికి బొట్టు పెట్టింది. పసిదాని చెయ్యి దానికి ఆనిచ్చి, "నీ పెద్దమ్మ చెయ్యి బిడ్డా, మనమంత పోయినా ఇది ఉంటది" అన్నది. తోటకొచ్చినోళ్లు రాములమ్మ సుట్టు మూగిన్రు. అది సంబురంతోని ఏడుస్తున్నది.

నా చెయ్యి నా కండ్ల ముందే ఉంది. అది నాదని అరవాలని పానం గొట్టుకున్నది.

"అమ్మకు జర నువ్వు గూడ చెప్పక్కా, ఎవరిదో" అన్నది రాములమ్మ.

"దీనిదే చిన్నమ్మా" అన్న.