నలభై రెండో వ్యాసం

చర్చి ఆఫీసులో ఆమెను అందరూ టైపమ్మ అనేవారు. బిషప్పుగారి స్మారకంగా ఏటా జరిగే వ్యాసరచన పోటీకి బడిపిల్లలు చేత్తో రాసి పంపినవన్నీ ఆమే టైపు చేయాలి. చేతిరాత గుర్తుపట్టి ఏ టీచరూ తన శిష్యుడికి మార్కులు గుప్పించకుండా పెట్టుకున్న ఏర్పాటది. వ్యాసం మీద నంబరు మాత్రమే ఉంటుంది. పేరు రాసిన చీటీని మడిచి అంటిస్తారు. బహుమతుల రోజున దాన్ని వేదిక మీద విప్పి చదివేది ఆమె నాన్న.

ఆయనకు ఎనభై రెండేళ్లు. ఊరంతటికీ గంట తాతయ్య. యాభై ఏళ్ల కిందట, సర్కారు చర్చిలకు తాళాలు వేయించిన రోజుల్లో, బిషప్పుగారు కొవ్వొత్తుల గది అటక మీద దాక్కున్నారు. గంట తాడు ఆ గదిలోనే వేలాడేది. సైనికులు వస్తే గంట కొట్టు, నేను వెనక కిటికీలోంచి వెళ్లిపోతాను అని తాతయ్యకు చెప్పి ఉంచారు. సైనికులు రానే వచ్చారు. తాతయ్య లాగేసరికి పుచ్చిపోయిన తాడు కాస్తా తెగింది. బిషప్పుగారు దొరికిపోయి, తొమ్మిదేళ్లు జైల్లో మగ్గి అక్కడే కన్నుమూశారు. తెగిన తాడు ముక్క ఇప్పుడు ఆఫీసు గోడమీద అద్దాల పెట్టెలో ఉంది. పక్కనే జైలు నుంచి ఆయన రాసిన ఉత్తరం. ఆయనది ఎడమచేతి వాటం, అక్షరాలన్నీ ఎడమకు ఒరిగిపోయి ఉంటాయి.

ఈ ఏడు నలభై ఒక్క వ్యాసాలు వచ్చాయి. తాడు దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకే కుండలోంచి ముంచుకున్నట్టు కన్నీళ్లు కార్చారు. ఒకడైతే పక్కవాడి కొట్టివేతలు కూడా కాపీ కొట్టాడు. టైపమ్మ నవ్వుకుంటూ చివరి కవరు తీసింది. దాని కింద ఇంకొకటి ఉంది.

దాని మీద నంబరు లేదు. నంబర్లు వేసింది ఆమే, పొద్దున్న రెండుసార్లు లెక్కపెట్టింది కూడా. లోపలి అక్షరాలు ఎడమకు ఒరిగి ఉన్నాయి.

"తాడు పుచ్చలేదు. వత్తులు కత్తిరించే కత్తితో కోశారు. అటక పలకల సందులోంచి నేను చూశాను."

ఏ పిల్లో కథ అల్లిందనుకుందాం. మరి 'నేను' ఏమిటి? లేచి అద్దాల పెట్టె దగ్గరికి వెళ్లింది. ఏళ్ల తరబడి దుమ్ము తుడిచిందే గానీ తాడు కొసను పరికించి చూసిన పాపాన పోలేదు. పైపైన నాలుగు పోగులు రేగి ఉన్నాయి. నడుమ మాత్రం సాఫుగా ఉంది. ఆమెకు అప్పుడు ఆరేళ్లు. ఆ సాయంత్రం నాన్న పెరట్లో కూర్చుని ఆ కత్తినే కడిగాడు, మళ్లీ కడిగాడు. మైనం తప్ప ఏమీ అంటని కత్తిని అన్నిసార్లు ఎందుకు కడుగుతున్నావని ఆమె అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

రెండో కాగితం తిప్పడానికి ధైర్యం చాలలేదు. ఆ కాగితాలు సొరుగులో పడేసి తాళం వేసింది.

"ఈ వయసులో ఆయన్ని బజారుకీడుస్తారా?" అని గోడమీది ఉత్తరాన్ని కసిరింది. నలభై ఒక్కటే టైపు చేసి పంపింది.

వారం తర్వాత ఫాదర్‌గారు నవ్వుతూ వచ్చారు. "టైపమ్మా, ఈసారి న్యాయనిర్ణేతలు ముగ్గురిదీ ఒకటే మాట. ఫస్టు నలభై రెండోది."

"నలభై ఒక్కటే కదండీ ఫాదర్!"

"భలేదానివే, టైపు చేసింది నువ్వేగా. ఇదిగో నీ పొట్టి సంతకం. తాడు కోశారని ఎలా కల్పించాడో చూడు, గడుసు పిండం! ఎటొచ్చీ మధ్యలో ఆపేశాడు."

సరిగ్గా ఆమె చదవడం ఆపిన చోటే అది ఆగిపోయింది. సొరుగు తెరిస్తే కాగితాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఫాదర్‌గారు తెచ్చినదానికి అంటించిన చీటీని వెలుగుకెత్తి చూసింది. లోపల ఒక్క అక్షరం లేదు.

బహుమతుల రోజున నాన్నను బతిమాలింది. "జ్వరమని చెప్పి మానేద్దాం నాన్నా."

"లేని జ్వరం తెచ్చుకోమంటావేమిటే? పద."

హాలు నిండింది. తాతయ్య చీటీ విప్పి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ఆయన భుజం పక్కనే నిలబడ్డ ఆమెకు తెల్లకాగితం తప్ప ఏమీ కనిపించలేదు.

"ఇందులో నా పేరుంది," అన్నాడు మైకులో.

పిల్లలు గొల్లుమన్నారు.

"నవ్వకండి నాయనా. తాడు తెగలేదు. నేనే కోశాను. గంట మోగితే నా కూతుర్ని ఎత్తుకుపోతామని సైనికులు ముందే బెదిరించారు. కావాలనే కొట్టలేదంటే ఊరు నన్ను బతకనివ్వదని, తెగినట్టు చేశాను. ఆయన అటక మీద ఏమీ తెలియక, నన్ను నమ్ముకుని కూర్చున్నాడు. అదే నన్ను తినేస్తోంది."

నవ్వులు ఆగిపోయాయి. సొరుగులోంచి తెచ్చి సంచిలో పెట్టుకున్న రెండో కాగితాన్ని టైపమ్మ బయటికి తీసింది. నాన్న చెవి దగ్గరికి వంగి, మొదటిసారి చదివింది.

"కత్తి చూడగానే అర్థమైంది. ఇలాంటివాడు తాడు కోశాడంటే అది తన పిల్ల కోసమే. కిటికీ తెరిచే ఉంది. నేను పారిపోతే వాళ్లు ఆ పిల్ల మీద పడతారు. అందుకని కిటికీ మూసి కూర్చున్నాను. ఈ సంగతి అతనికి చెప్పే వీలు చిక్కలేదు. ఆ పిల్లే చెప్పాలి."

ఈ మాటనా తను ఇన్నాళ్లూ సొరుగులో పెట్టి తాళం వేసింది! ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది.

"చూశాడా?" అన్నాడు నాన్న.

"చూశారు నాన్నా."

"చూసి కూడా వెళ్లలేదా?"

"వెళ్లలేదు."

ఆయన కుర్చీలో కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మళ్లీ చదవమ్మా."

ఆమె కాగితం వైపు చూసింది. అది కూడా చీటీలాగే తెల్లగా ఉంది. దాన్ని అలాగే కళ్లకెదురుగా పట్టుకుని, ఒక్క మాట పొల్లుపోకుండా మొదటినుంచీ చెప్పింది.