ఖాళీగా ఉన్న మూడేళ్ళు

"ఖాళీగనే ఉన్నవ్ గదా, గీ పిల్లది రాయి" అంటూ మా ఆయన రవీందర్ ఫైలు నా ముందు పడేశాడు. అప్పటికి నేను ఇంట్లో వంట ముగించి, అత్తకు మందులిచ్చి, ఆయన డబ్బా కట్టి, ఆఫీసు ఊడ్చి కూర్చున్నాను. బాన్సువాడ బస్టాండు దగ్గర ఆయనది విదేశీ చదువుల ఆఫీసు. బోర్డు మీద పేరు ఆయనదే. పిల్లల తరఫున యూనివర్సిటీలకు ఉత్తరాలు రాసేది మాత్రం నేను, ఎమ్మే ఇంగ్లిష్. "మా ఆమె టైంపాస్‌కు వస్తది" అని వచ్చినవాళ్ళకు చెప్పి నవ్వుతాడు. పదకొండేళ్ళుగా నేనూ నవ్వుతున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ ఫైలు నా ఎదురుగా కూర్చున్న ప్రసన్నది. పక్కన వాళ్ళమ్మ గంగామణి, తంబాకు రంగు పట్టిన వేళ్ళను కొంగులో దాచుకుని కూర్చుంది. పిల్లది డిగ్రీ ఫస్ట్ క్లాసు, జర్మనీలో ఎమ్మెస్సీ చదవాలని కోరిక. అక్కడి లాభాలన్నీ ఏకరువు పెట్టాను. మంచి ల్యాబులు, నాలుగు దేశాల స్నేహితులు, ఒంటరిగా బతికే ధైర్యం. చదువుకుంటూనే పని చేసుకోవచ్చు, గంటకింత అని జీతమిస్తారు.

"ఏం పని మేడం?" అంది ప్రసన్న.

"హోటల్లో గిన్నెలు కడగడం, ముసలివాళ్ళను చూసుకోవడం, అట్లాంటివి."

"జర్మనీల గవ్విటిని గూడ పని అంటరా?" గంగామణి ఆశ్చర్యపోయింది. "మనం పుట్టిన సంది జేస్తలేమా!"

నవ్వేసి ఉత్తరం మొదలుపెట్టాను. డిగ్రీ తర్వాత మూడేళ్ళ గ్యాప్ ఉంది, దానికి కారణం చెప్పాలి. చకచకా రాసేసి, అలవాటుగా తెలుగులో చదివి వినిపించాను. "ఆ మూడేళ్ళూ ఇంటి దగ్గర ఖాళీగా ఉంది."

ప్రసన్న ముఖం మాడిపోయింది. తల్లి భుజం మీద చెయ్యేసింది. "ఖాళీగ లేను మేడం. అవ్వకు చెయ్యి లేస్తలేదని రోజుకు వెయ్యి బీడీలు నేనే చేసిన."

సంచిలోంచి బీడీ కార్డు తీసి టేబుల్ మీద పెట్టింది. దాని మీద ఆమె ఫోటో, ఆమె సంతకం, నెలనెలా కార్ఖానా ముద్రలు. ఎవరూ అడగకపోయినా తెచ్చుకుంది.

రవీందర్ మెడ చాచి చూశాడు. "గా కార్డు లోపల పెట్టమ్మా, జర్మనోళ్ళు నవ్వుతరు. వనజా, ఏదన్న కంపెనీల కంప్యూటర్ పని జేసిందని సర్టిఫికెట్ కొట్టు. ముద్ర నేనేస్త."

"దొరికితే ఎట్ల సార్?" అంది గంగామణి.

"ఏం ఫికర్ లేదు" అని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళాడు.

ఫికర్ ఎందుకు లేదు? పోయినేడు పిట్లం నుంచి వచ్చిన అమ్మాయికి అట్లాంటి కాగితం వల్లే వీసా రాలేదు. ఆ పిల్ల చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ కాగితం కొట్టిన చేతులు నావే. "కుసోని రాసుడు గూడ పనేనా?" అని మా అత్త పోసవ్వ అన్నప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళి ఏడ్చినదాన్ని, అదే మాట ఇంగ్లిషులో రాసి ఒక ఆడపిల్ల నెత్తిన పెట్టాను. రోజూ ఆ మాట పడేదాన్ని, నాకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తల్లీకూతుళ్ళ ముఖం చూడలేకపోయాను. కంప్యూటర్ వైపు చూస్తూనే "తప్పు రాసిన ప్రసన్నా" అన్నాను.

ఆ వాక్యం తుడిచేశాను. "ఆకు కత్తిరించే కాడ నుంచి చెప్పు, ఒక్కటి గూడ ఇడువకు" అన్నాను. ప్రసన్న చెబుతూ పోయింది. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, కట్టలు కట్టడం, చాట ఒళ్ళోనే పెట్టుకుని పుస్తకం తెరవడం. గంగామణి మధ్యమధ్య అందుకుంది, ఇప్పుడు వేళ్ళు కొంగులోంచి తీసి చూపిస్తూ.

రవీందర్ లోపలికొచ్చాడు. "సర్టిఫికెట్ అయ్యిందా? ఖాళీయే గదా, జర చాయ్ పెట్టుకరా."

"సర్టిఫికెట్ కొట్టను" అన్నాను, టైపు చేయడం ఆపకుండానే. "చాయ్ మీరే పెట్టుకోండ్రి. నేను ఖాళీగ లేను."