చమ్కీ కడుపులో రాయి

తాండూరు నాపరాళ్ల గనిలో మొగులమ్మ పని బండలను తట్టి చూడడం. వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చెవి ఆనిస్తుంది. పగులెక్కడుందో బండే చెబుతుంది. తట్టితే చాలు, తన పక్కన ఎవరేం మాట్లాడుకున్నారో కూడా బండ చెప్పేస్తుంది. అందుకే మేస్త్రీని తిట్టుకోవాలంటే కూలీలు బండలకు దూరంగా పోయేవారు.

డెబ్బై ఎనిమిదిలో గని కావలి ఉస్మాన్ కుక్క, చమ్కీ, నెత్తురు ఉచ్చ పోసింది. పశువుల డాక్టరు దేవప్ప పొట్ట నొక్కి చూసి మూత్రసంచిలో రాయి ఉన్నట్టుందన్నాడు. కోసి తీయాలి. పదకొండేళ్ల ముసలిది, మత్తుకు తట్టుకుంటుందన్న నమ్మకం లేదు.

"కోసేముందు మొగులమ్మను పిలుద్దాం," అన్నాడు. ఎక్స్‌రే కావాలంటే హైదరాబాదు పోవాలి. మొగులమ్మ రెండు వీధుల అవతలే ఉంది.

ఉస్మాన్‌కు భార్య పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఈ కుక్కే. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మొగులమ్మ దాని పొట్ట తట్టి విన్నది.

"ఉన్నది సారూ. రేగుపండంత."

డాక్టరు కత్తులు మరగబెట్టమన్నాడు. ఉస్మాన్ చమ్కీ చెవులు నిమురుతూ ఏడ్చేశాడు. మొగులమ్మకు ఎందుకో అనుమానం వచ్చింది.

"ఉస్మాన్ భాయ్, దాన్ని జర కింద పండవెట్టు."

మళ్లీ తట్టింది. చప్పుడే లేదు. ఇందాక అది ఎవరి ఒళ్లో ఉందో గుర్తొచ్చి, లేచి ఉస్మాన్ పొత్తికడుపు మీద తట్టింది.

"రాయి దీనిల లేదు సారూ. గీయనల ఉన్నది," అంది సిగ్గుపడుతూ. ముప్పై ఏళ్లలో ఆమె పొరబడడం అదే మొదలు.

"అయితే చమ్కీది ఉత్త వాపే. మాత్రలు చాలు," అన్నాడు డాక్టరు. "నీకు నొప్పి ఎప్పటినుంచి?"

ఉస్మాన్ తల దించుకున్నాడు. "మూడేండ్లాయె సాబ్. నేను దవాఖానల పడితే దీనికి బువ్వెవరు పెడతరు?"

"నేను సచ్చిన్నా?" అని కసిరింది మొగులమ్మ.

హైదరాబాదు పెద్ద దవాఖానలో, ఇంకో నెల ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఇరవయ్యో రోజున ఉస్మాన్, కోసి తీసిన రాయిని కాగితంలో చుట్టుకుని తాండూరులో రైలు దిగాడు. మాత్రలతో నయమైన చమ్కీ మొగులమ్మ గడపలో పడుకుని ఉంది. ఉస్మాన్ వచ్చి దాన్ని పిలిచేలోపే మొగులమ్మ అతని చేతిలోని రాయి తీసుకుని, అలవాటుకొద్దీ తట్టింది.

"చమ్కీ బేటా," అంది రాయి, అచ్చం ఉస్మాన్ గొంతుతో. చమ్కీ లేచి రాయి దగ్గరికి పరుగెత్తింది.

"యా అల్లా," అంది రాయి మళ్లీ, మెల్లగా. "దీనికన్న ఒక్క దినం ఎన్క నన్ను తీస్కపో. ముందు మాత్రం వద్దు."

మొగులమ్మ కళ్లు తుడుచుకుని రాయిని అతని చేతిలో పెట్టింది. చమ్కీ రాయిని నాకి, ఆ చేతిని నాకి, అప్పుడు తలెత్తి ఉస్మాన్‌ను చూసింది.