తలూపే అత్తగారు

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకుంటే వీధికి సగమే వినపడేది. అత్తగారికి పన్నెండేళ్ళ కిందట వినికిడి పూర్తిగా పోయింది. చెవిలో పెట్టుకునే మిషన్లు పనిచేయలేదు. చదువు రాదు కనుక కాగితం మీద రాసి చూపించే దారీ లేదు. ఆవిడకి మిగిలినవల్లా కోడలి పెదాలు. ఇంకెవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థం కాదు, కన్నకొడుకైనా సరే. అతను తల్లి ముందు నిలబడి గొంతు చించుకునేవాడు. గొంతు చించుకుంటే చెవిటి మనిషికి ఒరిగేదేముంది, పిచ్చి మారాజు! కోడలు మాత్రం చప్పుడు లేకుండా పెదాలతోనే, "అత్తయ్యా, పొయ్యి మీద పాలు పెట్టి ఎటు పోయారు?" అనేది. "నువ్వు చూస్తున్నావనుకున్నానే!" అని అత్తగారు వీధి చివరిదాకా వినపడేలా అరిచేది.

అలాంటి కోడలు ఒక పొద్దున పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తుంటే అవి నోటి కుడి మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే ముఖం కుడి సగం జారిపోయి ఉంది. కన్ను మూతపడదు, కనుబొమ లేవదు. ఆమె డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. డాక్టరు పరీక్ష చేసి, మెదడుకేమీ కాలేదమ్మా, ముఖానికి వెళ్ళే నరం నీరసించింది, చాలామందికి తగ్గిపోతుంది అన్నాడు. మాత్రలూ, కంట్లో చుక్కలూ రాసిచ్చి ఫిజియోథెరపీకి పంపాడు.

అక్కడ ఉన్నది సన్నటి గొంతు గల ఒక అమ్మాయి. కోడలిని అద్దం ముందు కూర్చోబెట్టింది.

"పెదవి మూల వెంట్రుకవాసి కదిలితే చాలక్కా. ఎడమ పక్క లాగేసుకోకుండా వేలితో ఆపండి. బలం మాత్రం పెట్టొద్దు. రెండు వారాలకోసారి వచ్చి నాకు చూపించండి."

కోడలు బట్టలు కుట్టి బతికే మనిషి. సాయంత్రానికి ఇస్తానంటే సాయంత్రానికి ఇచ్చి తీరుతుంది. ఈ వెంట్రుకవాసి బేరం ఆమెకు గిట్టలేదు. మొదటి రెండు నెలలూ ఎలాగో సైగలతో నెట్టుకొచ్చింది. సైగలతో మంచినీళ్ళు అడగొచ్చు గానీ పోట్లాడటం ఎలా? మూడో నెలలో పెదవి కాస్త కదలగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పక్కింటావిడ బుడగలు ఊదమంటే ఊదింది. దవడలు నొప్పి పుట్టేదాకా చూయింగ్ గమ్ నమిలింది. కుట్టు మిషను మీద అద్దం నిలబెట్టి, పా, బా, మా అంటూ నోరు సాగదీసింది. ఫిజియోథెరపీకి వెళ్ళడం మానేసింది. ఎందుకు మానదు? ఫలితం కళ్ళెదుటే ఉందాయె! "అత్తయ్యా, మందు వేసుకున్నారా?" అని సాగదీసి అడిగితే అత్తగారు తలూపుతోంది. "చలిగా ఉందా?" అంటే తలూపుతోంది. దెబ్బలాట కూడా మానేసింది. నా మీద జాలి కాబోలు, పోన్లే అనుకుంది కోడలు.

ఐదో నెలలో కుడి కన్ను గుంజుతోందని మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"పెదాలు గుండ్రంగా చుట్టండక్కా."

చుట్టగానే కుడి కన్ను దానంతట అదే మూతపడింది. మరోసారి చుట్టినా అంతే.

"బలం పెట్టొద్దన్నానా లేదా? నోటికి పంపిన కబురు కంటికి కూడా పోతోంది. ఇంకా లాగారంటే ఇదే అలవాటైపోతుంది."

కోడలు ఒంటికాలి మీద లేచింది. "అలాగైతే మా అత్తయ్యకి నా మాట ఎలా అర్థమవుతోంది? దేనికైనా సరే, ఊ అంటారు!"

"దేనికైనానా?" ఆ అమ్మాయి అద్దం పక్కకు జరిపింది. "కాదు అనాల్సిందేదైనా ఒకసారి అడిగి చూడండక్కా."

ఇంటికొచ్చేసరికి అత్తగారు బఠానీలు ఒలుస్తోంది. కోడలు ఎదురుగా కూర్చుని, నోరు బాగా సాగదీసి, "అత్తయ్యా, రేపటి నుంచి మీకు తిండి పెట్టను. సరేనా?" అంది.

అత్తగారు ముఖమంతా నవ్వు చేసుకుని తలూపింది. "అలాగేలే తల్లీ."

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. అత్తగారు ఒళ్ళోని పళ్ళెం పక్కన పెట్టింది.

"ఏమన్నావే? ఏడ్చే మాటా?"

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చెప్పి మాత్రం ఏం లాభం?

"నాకేం తెలియట్లేదే," అంది అత్తగారు, ఎన్నడూ లేనంత మెల్లగా. "నీ మూతి వంకరపోయిన నాటి నుంచీ ఒక్క మాటా తెలియట్లేదు. ఆ సంగతి చెబితే ఇంకా లాగుతావు. అద్దం ముందు నువ్వు పడే యాతన చూడలేక తలూపాను."

ఇన్నాళ్ళూ ఇంటి నడిమధ్య ఒక్క మాటకు నోచుకోకుండా కూర్చుందా ఈవిడ! కోడలికి తన మీద తనకే అసహ్యం వేసింది. గమ్ పొట్లం చెత్తబుట్టలో పడేసింది.

మర్నాటి నుంచి రోజూ రెండు పూటలా, పది నిమిషాలు, వెంట్రుకవాసి కదలికలే. అత్తగారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేది. ఎవరూ రమ్మనలేదు. పన్నెండేళ్ళు ఆ పెదాల మీదే బతికిన మనిషి, కళ్ళలో వత్తులు వేసుకుని చూసేది. "ఆగు, కన్ను గుంజింది." "ఎడమది లాగుతోంది, వేలు పెట్టు." అద్దంలో కోడలికి కనపడనివి కూడా ఆవిడకి కనపడేవి. వారాలు గడిచాయి. కన్ను గుంజడం తగ్గింది గానీ మాట మాత్రం అత్తగారికి అందలేదు. ఈసారి ఆవిడ తలూపి మభ్యపెట్టలేదు. తెలియట్లేదని మొహం మీదే చెప్పేసేది. కోడలికి ఒక్కోసారి ఆ తలూపుడే నయమనిపించేది.

ఒక మధ్యాహ్నం కోడలు ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. ఎదురుగా అత్తగారు రెప్ప వేయకుండా చూస్తోంది. కోడలికి విసుగొచ్చింది. అద్దం లేదు, ప్రయత్నం లేదు, తనలో తాను పెదాలు కదిపీ కదపకుండా గొణుక్కుంది.

"ఈ ముసలావిడకి నా మొహం తప్ప వేరే పని లేదు."

"ఎవరే ముసలావిడ?"

మిషను ఆగిపోయింది. కోడలు తల ఎత్తింది. అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది, మొహం జేగురించి.

"మీరే," అంది కోడలు, అంతే చిన్నగా. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

"నేనా? జుట్టుకి రంగేసుకునేది నువ్వా నేనా?"

"పది రోజులకోసారేగా!"

"వారం వారం వేస్తున్నావు, నాకు తెలియదనుకున్నావా?" అంది అత్తగారు, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.