తొమ్మిది ఇళ్ళ సంచి

రెండున్నర బస్సు అందాలంటే జమ్లి పన్నెండింటికల్లా కాలేజీ నుంచి బయటపడాలి. ఆ శనివారం బాటనీ మేడమ్ రికార్డులు చూస్తూ కూర్చోవడంతో ఒంటిగంట దాటింది.

"బొమ్మలు బాగా వేశావు. ఇంకా మూడు మిగిలాయి. సోమవారం తెస్తే సంతకం పెడతాను. సంతకం లేని రికార్డుతో ప్రాక్టికల్స్‌కి కూర్చోనివ్వరు, తెలుసుగా?" అంది మేడమ్.

జమ్లి తలూపి, రికార్డు గుండెకు హత్తుకుని భద్రాచలం బజారులోకి పరుగెత్తింది.

దుమ్ముగూడెం దాటి అడవిలోకి రెండు మైళ్ళు నడిస్తే వాళ్ళ లాలు తండా. వాళ్ళది కాక తొమ్మిది ఇళ్ళు. ఎవరు పట్నం పోయినా తొమ్మిది ఇళ్ళ సామాను వాళ్ళే తేవాలి. నాకు కుదరదు అనడం అక్కడ మర్యాద కాదు. జమ్లి ఇంటర్‌లో చేరి హాస్టల్లో ఉంటున్నప్పటి నుంచి ఆ పని ఆమెదే అయింది. రెండు వారాలకోసారి ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు ఒక్కో గుమ్మం దగ్గర ఒక్కో మాట చెప్పేవారు. ఆమె కాగితం మీద రాసుకునేది కాదు. నాయనమ్మ నేర్పినట్టు పాత ఓణీ అంచుకు ఇంటికో ముడి వేసుకునేది. కొన్న వెంటనే ఆ ముడి విప్పేయాలి. విప్పని ముడితో ఇల్లు చేరడమంటే ఆ ఇంటిని మరిచిపోయినట్టే.

మొదటి ముడి భీమ్లా ఇంటిది. అయిదుగురికి చెప్పులు. అయిదు ఈనెపుల్లలు వాళ్ళ వాళ్ళ పాదాల పొడవుకు విరిచి కట్టగా కట్టి ఇచ్చాడు భీమ్లా. చెప్పుల కొట్టాయన ఒక్కో పుల్లనూ చెప్పులో పెట్టి చూసి, "కాళ్ళు ఇంటికాడ ఇడిసిపెట్టి అచ్చినవా బిడ్డా?" అని నవ్వాడు. తర్వాత తండా పెద్ద లాలు ఎడ్ల మెడ మీది కాడి పుండ్లకు రెండు సీసాల టింక్చరు. ముసలి ద్వాలికి రవికకు కుట్టుకునే అద్దాలు. ఇంకో ఇంటికి బెండ విత్తనాలు, మరో రెండు ఇళ్ళకు గాజులు. చివరికి బాలి వాళ్ళ రేడియోకు నాలుగు సెల్స్, వాళ్ళ పక్కింటి టార్చిలైటుకు నాలుగు, ఎదురింటి టార్చికి నాలుగు.

కొట్టు కుర్రాడు అన్నీ ఒకే అట్టపెట్టెలో పెట్టి ఇచ్చినప్పుడు జమ్లి వాటిని ఇంకోసారి లెక్కపెట్టింది. ఇంటికి నాలుగంటే ఎవరికీ కనబడదు. ఒకచోట చేరితే డజను.

నెల క్రితం ఆ దారిలో ఒక కల్వర్టును ఎవరో పేల్చారు. అప్పటి నుంచి పోలీసులు బస్సులు ఆపి సంచులు తిప్పి చూస్తున్నారు. అడవిలోని వాళ్ళకు సామాను మోస్తున్నారేమోనని వాళ్ళ అనుమానం. పోయిన ఏడు పెదనాన్న కొడుకు బద్యాను ఇలాగే బస్సు దింపారు. సంచిలో రెండు కుంచాల బియ్యం ఎందుకున్నాయో వెంటనే చెప్పలేకపోయాడు. రెండు రోజులుంచుకుని పంపేశారు. ఒంటి మీద దెబ్బ కనబడలేదు గానీ బద్యా మళ్ళీ ఐ.టి.ఐ.కి వెళ్ళలేదు. ఇప్పుడు పశువులు కాస్తున్నాడు. ఆ రోజు జమ్లి తండ్రి రూప్‌సింగ్ అందరి ముందూ అన్న మాట ఆమెకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. "మగపిలగానికే గిట్లయింది. నా బిడ్డ ఒక్కపారి ఠాణా గడప తొక్కిందంటె, ఇగ సదువు లేదు ఏం లేదు."

సెల్స్ వెనక్కి ఇచ్చేద్దామా అనుకుంది. మూడు ఇళ్ళకు ఏం చెప్పాలి? చెప్పుల అడుగున పెట్టె దాచి, చివరగా మందుల షాపుకు వెళ్ళింది. తనకూ, హాస్టల్లో తన గదిలోని ముగ్గురికీ నెలనెలా కావలసిన దూది పెద్ద కట్ట. షాపులో ఆడవాళ్ళెవరూ లేరు. వేలితో చూపించి, తల దించుకుని, పేపర్‌లో చుట్టించుకుంది. దాన్ని హాస్టల్లో ఇచ్చి వెళ్ళాలి. గడియారం చూస్తే రెండూ ఇరవై. దూది కూడా సంచిలోకే వెళ్ళింది.

"ఏందమ్మా, దుకాణం పెడుతున్నవా?" అన్నాడు కండక్టర్ సంచి ఎక్కిస్తూ. "లగేజీ కొట్టనా?"

"అన్నా, వద్దన్నా. ఒళ్ళో పెట్టుకుంట."

ఒళ్ళో పట్టలేదు. ముందు సీటు కింద తోస్తే, ఆ సీట్లో ఉన్న సుశీలమ్మ మడమకు తగిలింది. సుశీలమ్మ వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి దుమ్ముగూడెం దగ్గర పొలాలు కొని మిరప వేస్తారు. ఆ బస్సులో అందరూ ఆమెను ఎరుగుదురు. ఆమె నోటిని ఇంకా బాగా ఎరుగుదురు.

"ఏమ్మాయ్, బజారంతా ఊడ్చుకొచ్చావా ఏంటి? నా కాళ్ళెక్కడ పెట్టుకోను, నీ నెత్తి మీదా?"

"ఇంతే అత్తమ్మా, జరుపుత."

"అత్తమ్మంట! మా అబ్బాయికి పదేళ్ళు కూడా లేవు."

బస్సంతా నవ్వింది. జమ్లి కూడా నవ్వింది. అలా నవ్వగలగడం ఆ పూటకు అదే చివరిసారి.

దుమ్ముగూడెం ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా రెండు డ్రమ్ములు, పక్కన జీపు. ఒక ఎస్.ఐ., వెనక హెడ్ కానిస్టేబుల్ జంపయ్య, ఇద్దరు తుపాకుల వాళ్ళు. ఇంజన్ ఆపేయగానే బస్సులో అంత మంది ఉన్నారనిపించలేదు. 

ఎస్.ఐ. వంగి సీట్ల కింద చూశాడు. "ఈ సంచి ఎవరిది?"

 నాది కాదంటే ఏమవుతుంది? సంచి దించేసుకుంటారు, బస్సు కదులుతుంది, అంతే. సుశీలమ్మకూ కండక్టర్‌కూ తెలుసు. వాళ్ళు చెబుతారా? చెప్పకపోవచ్చు. అడుగున చిన్న చెప్పుల జత గుర్తొచ్చింది. భీమ్లా చిన్నకొడుకు మొన్ననే నడక నేర్చాడు.

"నాది సార్," అంది. 

సంచి డ్రైవర్ పక్క బానెట్ మీద బోర్లించారు. అందరూ మెడలు చాచారు.

"సెల్స్ డజను. చెప్పులు అయిదు జతలు. టింక్చర్ రెండు సీసాలు. దూది." ఎస్.ఐ. వేళ్ళు మడిచాడు. "ఎంత మందికమ్మా ఈ సరంజామా?"

"తొమ్మిదిళ్ళకు సార్. లాలు తండా. నేను ఇంటర్ సెకండియర్, బైపీసీ."

"లిస్టేదీ?"

"లిస్టు లేదు సార్. ముడులేసుకున్న." ఓణీ అంచు చూపింది. నలిగిన గుడ్డ తప్ప అక్కడ ఏమీ లేదు. "కొన్నంక ఇప్పిన."

"విప్పేశావు. బాగుంది."

"ఉంటది సార్ గట్ల," అన్నాడు జంపయ్య మెల్లగా. "మా గూడెంల గూడ..."

"నిన్నడిగానా?" ఎస్.ఐ. జమ్లి వైపు తిరిగాడు. "చెప్పు పిల్లా. ఏ ముడి ఎవరిది?"

వైవాలో ప్రశ్న అడిగినట్టే ఉంది. చదివిందంతా ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయినట్టూ ఉంది. జమ్లి ఓణీ అంచును వేళ్ళతో తడిమింది. ముడి ఉన్న ప్రతిచోటా గుడ్డ గట్టిగా ముడతపడి ఉంది. మొదటి ముడత వేలికి తగలగానే భీమ్లా పేరు వచ్చింది. రెండోది లాలు, ఎడ్లు. మూడోది ద్వాలి. అలా ఒక్కొక్కటే చెబుతూ పోయింది. చెమట కంట్లోకి జారినా తుడుచుకోలేదు.

జంపయ్య ఈనెపుల్లల కట్ట తీసి, ఒక్కో పుల్లనూ ఒక్కో చెప్పులో పెట్టాడు. అన్నీ కొలతకు కొలత సరిపోయాయి. అరచేతి కంటే కాస్త పొడుగున్న పుల్లను చిన్న చెప్పులో పెట్టి, ఏమీ అనకుండా ఎస్.ఐ. వైపు జరిపాడు. ఎస్.ఐ. ఆ చెప్పును కాసేపు చేతిలో పట్టుకుని కింద పెట్టాడు. తర్వాత రికార్డు తెరిచాడు.

"ఇదేం మ్యాపు?"

"మ్యాపు కాదు సార్. ద్విదళబీజ కాండం, అడ్డుకోత."

వెనక ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఎస్.ఐ. ముఖం ఎర్రబడింది. దూది కట్ట మీది పేపర్ చింపాడు.

"తొమ్మిదిళ్ళవీ చెప్పావు. ఇది ఏ ఇంటిది?"

"నాది సార్."

"ఇంత దూది నీకెందుకు? ఎవరికి దెబ్బలు తగిలాయి?"

జమ్లి తల వాలిపోయింది. యాభై మంది మగవాళ్ళు. వాళ్ళ ఊరి దారిన వెళ్ళే బస్సు. అమ్మ కమ్లితో కూడా ఆమె ఆ మాట చెవిలోనే చెబుతుంది.

"మాట్లాడదు. దింపండి. స్టేషన్‌లో మాట్లాడుతుంది."

"దా బిడ్డా," అన్నాడు జంపయ్య. 

ఆమె కాళ్ళు నడిచాయి. చేయి కడ్డీ పట్టుకుంది. ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు కింద ఎర్రమట్టి, ఆ పక్కన జీపు వెనక తలుపు. బద్యా ఇప్పుడు పశువుల వెనక ఎలా నడుస్తాడో కనబడింది, తల ఎత్తకుండా, ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతూ. సోమవారం ఇవ్వాల్సిన రికార్డు ఇంకా బానెట్ మీదే ఉంది.

"సారూ," అంది, వెనక్కి తిరగకుండానే. "అది ఆడపిల్లలకు సార్."

"ఏంటీ? గట్టిగా చెప్పు."

"హాస్టల్ల మేం నలుగురం." కడ్డీని ఇంకో చేత్తో కూడా పట్టుకుంది. "నెల నెలా... కావాలె. నలుగురికి ఒక్క కట్ట కొంటం."

 ఎస్.ఐ. ఏదో అనబోయేంతలో ముందు సీట్లోంచి సుశీలమ్మ లేచింది.

"విన్నారుగా? ఇంకా గట్టిగా చెప్పమంటారా? ఆ దూది మా ఇంట్లోనూ ఉంది, మీ ఇంట్లోనూ ఉంటుంది. అనుమానముంటే ఇంటికెళ్ళి మీ ఆవిడనడగండి, పసిపిల్లనెందుకూ?" తర్వాత వెనక్కి తిరిగింది. "ఏంట్రా చూస్తున్నారు, ఎగ్జిబిషనా? కిటికీల్లోంచి చూడండి, చెట్లున్నాయి!"

మగవాళ్ళంతా నిజంగానే కిటికీల వైపు తిరిగారు.

ఎస్.ఐ. సెల్స్ పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. "సెల్స్ ఉంచుతున్నా," అన్నాడు చివరికి. "కావాల్సినవాళ్ళు స్టేషన్‌కొచ్చి తీసుకోవాలి." బస్సు దిగి జీపు వైపు వెళ్ళిపోయాడు.

సంచి మళ్ళీ సర్దింది జంపయ్యే. జనానికి వీపు అడ్డం పెట్టి, చినిగిన పేపర్‌ను జాగ్రత్తగా చుట్టి, దూదిని అన్నిటికంటే అడుగున పెట్టాడు. పైన చెప్పులు, వాటి పైన రికార్డు. "పో బిడ్డా, మంచిగ సదువుకో," అన్నాడు. ఆమె ముఖం వైపు చూడలేదు.

బస్సు కదిలాక జమ్లి సంచిని మళ్ళీ సీటు కింద తోసింది. సుశీలమ్మ జరిగి చోటిచ్చింది. జమ్లి మణికట్టు గట్టిగా పట్టుకుని దుమ్ముగూడెం వచ్చేదాకా వదల్లేదు. దిగేటప్పుడు మాత్రం, "సంచీ మళ్ళీ నా కాలి మీదే పెట్టావు, చూశావా?" అంది.

స్టేజీ దగ్గర రూప్‌సింగ్ సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. సంచి అందుకుంటూనే, "ఏందట్లున్నవ్?" అన్నాడు.

దాచిపెట్టవచ్చు. సెల్స్ దొరకలేదని చెప్పవచ్చు. కానీ ఆ బస్సులో ఉన్నవాళ్ళలో సగం మంది సంతకు వచ్చేవాళ్ళే. రెండు రోజుల్లో మాట తండాకు చేరుతుంది, చేరేటప్పటికి ఇంకా పెద్దదై చేరుతుంది. నడుస్తూ నడుస్తూ అంతా చెప్పేసింది. దూది గురించి మాత్రం "ఇంకో వస్తువు" అంది. అతను అది ఏమిటని అడగలేదు.

"ఠాణాకు తీస్కపోయిన్రా?"

"లే బాపూ."

"బస్సు దింపిన్రా?"

"ఒక్క మెట్టు."

"ఒక్క మెట్టు," అన్నాడు రూప్‌సింగ్. సైకిల్ తోసుకుంటూ అడుగుల వేగం పెంచాడు.  ప్రతి మలుపు దగ్గరా అతను వెనక్కి తిరిగి దారి చూడడం జమ్లి గమనించింది. అది కోపం కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున అతను తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళాడు. బాలి వాళ్ళ రేడియో గురించి ఎవరూ అడగలేదు. ఠాణాకు వెళ్ళి సెల్స్ తెచ్చుకుంటామని కూడా ఎవరూ అనలేదు. జమ్లి చూరు కింద కూర్చుని మిగిలిన బొమ్మలు వేయబోతే పెన్సిల్ నిలవలేదు. రెండుసార్లు చెరిపేసింది. మూడోసారి కమ్లి వచ్చి, ఏమీ అడగకుండా, పక్కన కూర్చుని జొన్నలు చెరగడం మొదలుపెట్టింది. ఆ చేట చప్పుడు ఉన్నంతసేపూ గీత సూటిగా వచ్చింది. సాయంత్రానికి మూడు బొమ్మలూ అయిపోయాయి.

చదువు మాన్పిస్తానని తండ్రి అనలేదు. మాన్పించనని కూడా అనలేదు. సోమవారం కోడి కూతకు ముందే లేచి, స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"కాలేజీ దాంక నేనొస్త," అన్నాడు. "అచ్చేటప్పుడు గూడ నేనే తీస్కొస్త. సంచిల పుస్తకాలే ఉండాలె. అందరికి చెప్పిన."

ఆ పొద్దు ఒక్క గుమ్మం దగ్గర కూడా ఎవరూ ఏమీ చెప్పలేదు. భీమ్లా పిల్లలు కొత్త చెప్పులు వేసుకుని దూరంగా నిలబడి చూశారు. లాలు తల ఊపి పక్కకు తిరిగాడు. తొమ్మిది ఇళ్ళ మధ్య నుంచి ముడి లేని ఓణీతో నడవడం జమ్లికి సిగ్గుగా అనిపించింది, ఏదో తప్పు చేసినదానిలా.

చివరి గుడిసె దగ్గర ముసలి ద్వాలి అడ్డం వచ్చింది. రూప్‌సింగ్ ముందు నడుస్తున్నాడు. అతనికి వినబడకుండా ఆమె జమ్లి చెవి దగ్గర గొణిగింది.

"సూది ఒక్కటి తెస్తవా బిడ్డా? సన్న సూది."

"అవ్వా, బాపు వద్దన్నడు కదనే."

"సూదికి ఎవలేమంటరు? ఒక్కటంటె ఒక్కటే. రెండు తేకు. రెండయితే తుపాకులనుకుంటరు."

ముందు నుంచి రూప్‌సింగ్ "జల్దీ రా!" అని కేకేశాడు.  అయినా జమ్లి ముసలామె చెయ్యి నొక్కి, తలూపి, పరుగున వెళ్ళి తండ్రిని కలుసుకుంది.