జీపెక్కడానికి స్టూలు

పెళ్లయిన కొత్తలో ఆయన చూపిస్తానన్న కొండ ఆమె ఇంకా చూడలేదు. ఎప్పటికప్పుడు జీపుకి ఏదో ఒకటి తక్కువవుతూనే ఉంది. ఈసారి షెడ్డులోనే స్ప్రింగులు మార్చి, పెద్ద టైర్లు వేసి, రాళ్లకు తగులుతుందని ఎక్కే మెట్టు కూడా పీకేశాడు.

"ఇక ఎంతటి కొండైనా ఎక్కేస్తుందే!"

"అది కొండెక్కుతుంది సరే, నేను దాన్నెక్కేదెలాగండీ?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. ఆమె వంటింట్లోంచి స్టూలు తెచ్చి వేసుకుని, ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. విప్పిన గేర్‌బాక్సు ఇంకా గోనెపట్టా మీదే ఉంది. అద్దంలోంచి షెడ్డు గోడ తప్ప ఏమీ కనబడటం లేదు.

"దిగు, ఇంకా బోలెడు పనుంది."

"మీ పని మీరు కానివ్వండి. నేను బయల్దేరాను," అంటూ సీటు బెల్టు పెట్టుకుని, ఆమె గోడకేసే ఆశగా చూస్తూ కూర్చుంది.